28 మి.మీ. చిన్న లెన్స్‌తో నగరంలో తీసిన ఫొటోలు బోసిగా వస్తున్నాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (పెద్ద సెన్సార్, అంటే బొమ్మను పట్టే పలక ఉన్నది) 28 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ కొన్నారు. మి.మీ. అంకె ఫోకల్ లెంగ్త్, అది తగ్గేకొద్దీ లెన్స్ వెడల్పుగా చూస్తుంది, అంటే వైడ్ అవుతుంది. ఎఫ్ అంకె అపెర్చర్, అంటే కాంతి వచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది కాబట్టి రోజూ వెంట ఉంచుకోవచ్చని మీ ఆలోచన. ఇదివరకు వాడింది 50 మి.మీ. కొత్త లెన్స్ తగిలించుకుని నగరమంతా తిరిగారు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఫొటోల్లో సగం రోడ్డు, సగం ఆకాశం, మధ్యలో ఎక్కడో చీమల్లా మనుషులు. భవనాలేమో వెనక్కి వాలిపోయి ఉన్నాయి. మూలల్లో స్పష్టత కూడా తగ్గినట్టు అనిపించింది. లెన్స్‌లో లోపం ఉందా, తిరిగి ఇచ్చేసి 35 మి.మీ. తీసుకోవాలా, దీనికి హుడ్డూ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) ఫిల్టరూ (ముందు బిగించే అద్దం) కూడా కొనాలా అని అడిగారు.

అప్పుడే తిరిగి ఇవ్వకండి. మనుషులు చిన్నగా రావడానికి కారణం మీరు దూరంగా నిలబడటం. భవనాలు వాలడానికి కారణం కెమెరాను పైకెత్తడం. ఏ కంపెనీ 28 మి.మీ. లెన్స్ కొన్నా ఈ రెండూ ఇలాగే వస్తాయి. 35 మి.మీ. కొన్నా కొంచెం తక్కువగా వస్తాయి, అంతే. మూలల స్పష్టత సంగతి మాత్రం వేరు. అక్కడ నిజంగానే లోపం ఉండే అవకాశం ఉంది, దాన్ని తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే తేల్చుకోవాలి. అందుకని ముందు దాన్ని చూద్దాం.

ఎదుట ఒక ఇటుక గోడను పెట్టుకుని పరీక్షించమని చాలామంది చెబుతారు. నాకు ఆ పద్ధతి మీద గురి లేదు. కెమెరాను గోడకు సరిగ్గా సమాంతరంగా నిలపడం చెప్పినంత తేలిక కాదు. ఒక పక్కకు రవ్వంత తిరిగినా ఆ పక్క మసకబారి, లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా చాలా వైడ్ లెన్స్‌లలో ఫోకస్ పడే తలం బల్లపరుపుగా ఉండదు, కొద్దిగా వంగి ఉంటుంది. దగ్గరి గోడ మీద ఆ వంపు కూడా కలిసి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

దానికి బదులు మేడ మీదికి వెళ్లండి. వంద మీటర్లకు పైగా దూరంలో ఉన్న భవనాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. కిటికీ ఊచలో, గోడ మీది అక్షరాలో, ఏదో ఒక సన్నని వివరం అందులో ఉండాలి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఆ ఒక్క వివరమే ఫ్రేములోని నాలుగు మూలలకూ వచ్చేలా నాలుగు ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఆ మూలలోనే కొత్తగా ఫోకస్ చేయండి. తర్వాత కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. మూలను మూలతోనే పోల్చండి, మధ్యభాగంతో పోల్చకండి. నాలుగూ ఒకే తీరున కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. అపెర్చర్‌ను ఎఫ్/5.6కో ఎఫ్/8కో మూస్తే చాలావరకు కుదుటపడుతుంది. ఒక మూల గానీ, ఒక పక్కంతా గానీ మిగతావాటికంటే కొట్టొచ్చినట్టు మసకగా ఉంటే లోపలి అద్దాల్లో ఏదో ఒకటి కేంద్రం తప్పి కూర్చుందని అర్థం. అప్పుడు మాత్రం ఆలోచించకుండా మార్పించుకోండి. అది వాడగా వాడగా సర్దుకునే జబ్బు కాదు.

ఈ పరీక్షలో ఇంకో విషయం మిమ్మల్ని కంగారు పెట్టవచ్చు. రా ఫైలును (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు) లెన్స్ దిద్దుబాట్లు తీసేసి తెరిస్తే సరళరేఖలు బయటికి ఉబ్బి, మూలలు నల్లబడి కనిపిస్తాయి. ఇప్పటి చిన్న వైడ్ లెన్స్‌లలో ఇది మామూలే. లెన్స్‌ను చిన్నగా, తేలికగా చేయడం కోసం కొంత పనిని తయారీదారులు సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తున్నారు. కానన్ ఆర్‌ఎఫ్ 28 మి.మీ. ఎఫ్/2.8 బరువు 120 గ్రాములు, నికాన్ జెడ్ 26 మి.మీ. ఎఫ్/2.8 బరువు 125 గ్రాములు, సోనీ 24 మి.మీ. ఎఫ్/2.8 జీ 162 గ్రాములు. ఈ బరువులో అన్నీ అద్దాలతోనే సరిదిద్దడం కుదరదు. దిద్దుబాట్లను ఆన్‌లోనే ఉంచండి. ఒక్కటి గుర్తుంచుకోండి: నల్లబడిన మూలలను సాఫ్ట్‌వేర్ వెలిగించినప్పుడు అక్కడి గరుకుదనం (నాయిస్, చుక్కచుక్కలుగా కనిపించడం) కూడా పెరుగుతుంది. పగటిపూట ఇది తెలియదు. రాత్రి ఎక్కువ ఐఎస్‌ఓలో (సెన్సార్ కాంతికి స్పందించే స్థాయి) తీసిన ఫొటోల మూలల్లో మాత్రం తెలుస్తుంది.

ఇక అసలు విషయం, దూరం.

లెక్క చూడండి. కెమెరాను అడ్డంగా పట్టుకుని 1.7 మీటర్ల ఎత్తున్న మనిషి తల నుంచి పాదాల దాకా ఫ్రేము నిండా రావాలంటే 50 మి.మీ. లెన్స్‌తో సుమారు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడాలి. అదే 28 మి.మీ. అయితే రెండు మీటర్లు. ఇన్నాళ్లూ 50తో తిరిగిన మీ కాళ్లు అలవాటుగా మూడున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతున్నాయి. అక్కడి నుంచి 28 మి.మీ. లెన్స్‌లో పట్టే వెడల్పు నాలుగున్నర మీటర్లు. అందులో మనిషి ఆక్రమించేది అర మీటరు. మిగిలిన నాలుగు మీటర్లలో ఏముందో మీరు చూసుకోలేదు. బోసితనం అక్కడి నుంచే వస్తోంది.

రెండు మీటర్లకు జరిగితే మనిషి మళ్లీ మునుపటి పరిమాణానికి వస్తాడు. కానీ ఫొటో మాత్రం మునుపటిది కాదు. అతని వెనుక పది మీటర్ల దూరంలో ఒక దుకాణం బోర్డు ఉందనుకోండి. 50తో మూడున్నర మీటర్ల నుంచి తీసినప్పుడు అది కనిపించిన పరిమాణం, 28తో రెండు మీటర్ల నుంచి తీసేసరికి దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గిపోతుంది. బోర్డు తగ్గిన మేరకు దాని పక్కనున్న మెట్లు, కిటికీ, కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడు కూడా ఫ్రేములోకి వస్తారు. దగ్గరివి పెద్దవై, దూరపువి చిన్నవై, మధ్యలో చోటు తెరుచుకుంటుంది. నేను 28 మి.మీ. వాడేది దీని కోసమే. ఎదుట ఉన్నదంతా పట్టించడానికి వాడితే మీకు వచ్చినట్టే సగం రోడ్డు, సగం ఆకాశం వస్తాయి.

నా ఫొటోల్లోంచి ఒక ఉదాహరణ చెబుతాను. ఫుట్‌పాత్ మీద తాళంచెవులు చేసే పెద్దాయన ఒకరు. నాలుగు మీటర్ల నుంచి తీస్తే ఆయన, ఆయన పెట్టె, చుట్టూ ఖాళీ రాళ్లు, అంతే. అడిగి, పక్కన కాసేపు కూర్చుని, పెట్టెకు ఇవతలి నుంచి మీటరు దూరంలో మోకాళ్ల మీద కూర్చుని తీశాను. ఇప్పుడు ఫ్రేములో ముందుగా కనిపించేది పట్టకారులో బిగించిన తాళంచెవి, దాని మీద ఆకురాయి, బొటనవేలి గోటి అంచున పేరుకున్న ఇత్తడి పొడి. ఆ వెనుక తీగకు గుచ్చిన తాళంచెవుల గుత్తి, దాని పైన వంచిన తల. ఆ తలకూ గొడుగు అంచుకూ మధ్య సందులోంచి రోడ్డు, ఆగి ఉన్న బస్సు, బస్సు కిటికీలోంచి ఇటే చూస్తున్న ఒక ముఖం. 50 మి.మీ. అయితే చేతులైనా దొరికేవి, బస్సైనా దొరికేది. రెండూ కలిసి దొరకడం కష్టం.

మొదట తీసిన ఫొటోల్లో ఆయన కెమెరా వైపే బిగుసుకుని చూశారు. అది ఎప్పుడూ జరిగేదే. తీసినవి చూపించి, నా మానాన నేను కూర్చుంటే మళ్లీ పనిలో పడ్డారు. మీటరు దూరంలో దొంగచాటుగా తీయడం కుదరదు, తీయకూడదు కూడా. ఈ లెన్స్ మనిషిని పలకరించక తప్పని పరిస్థితిలోకి నెడుతుంది. పలకరించడం మీకు ఇష్టం లేకపోతే అదేమీ తప్పు కాదు. అప్పుడు 28 మి.మీ. మీకు సరిపడే లెన్స్ కాదని మాత్రం ఒప్పుకోవాలి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ గారీ వినోగ్రాండ్ న్యూయార్క్ వీధుల్లో 28 మి.మీ. లెన్స్‌తో తీసిన ఫొటోలు వెతికి చూడండి. ఫ్రేము ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మనుషులు, చూపులు, కాళ్లు, నీడలు కిక్కిరిసి ఉంటాయి. ఆయన జనంలోకి దూరి నిలబడి తీసేవారు. అదే వీధి ఫొటోగ్రఫీలో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ ఎక్కువగా 50 మి.మీ.తోనే పనిచేశారు. కాబట్టి నగరం అనగానే వైడ్ లెన్స్ ఉండి తీరాలన్న నియమమేమీ లేదు.

భవనాల వాలు. కెమెరా వెనుక సెన్సార్ భవనం గోడకు సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. పైకెత్తిన మరుక్షణం పైన దగ్గరపడటం మొదలవుతుంది. 50 మి.మీ.తోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ ఫ్రేము ఇరుకు కాబట్టి అంతగా కనిపించదు. కెమెరాలో మట్టం చూపించే గీత ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పెట్టుకోండి. కెమెరాను నిలువుగా తిప్పి మట్టంగా పట్టుకుంటే 28 మి.మీ. లెన్స్ మీ కంటి ఎత్తు నుంచి పైకి, మీరున్న దూరంలో 0.64 వంతు ఎత్తు వరకు చూస్తుంది. అంటే భవనం ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం దొరికితే చాలు, ఎత్తకుండానే మొత్తం పడుతుంది. కింది సగంలో రోడ్డు వస్తుంది కదా అంటారేమో. వస్తుంది. దాన్ని నింపే బాధ్యత మీదే. నీటి గుంట, జీబ్రా గీతలు, సాయంత్రపు పొడుగాటి నీడలు, దగ్గరగా నిలిపి ఉన్న సైకిలు, ఏదో ఒకటి ఆ సగంలో ఉండేలా నిలబడండి. ఏమీ లేకపోతే తర్వాత కత్తిరించేయవచ్చు.

ఇరుకు సందుల్లో అంత దూరం దొరకదు. అప్పుడు ఎదుటి భవనం మెట్లెక్కి మొదటి అంతస్తు నుంచో, పాదచారుల వంతెన మీది నుంచో తీయండి. అదీ కుదరకపోతే పైకెత్తే తీసి సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టుకోవాలి. దానికి రెండు పక్కలా ఖాళీ వదిలి తీయాలి, ఎందుకంటే సరిదిద్దేటప్పుడు ఫ్రేము పక్కలు కొంత తెగిపోతాయి. పూర్తిగా నిటారుగా నిలబెట్టకుండా కొద్దిగా వాలు ఉంచితేనే కంటికి సహజంగా ఉంటుందని నా అనుభవం. లేదంటే మెడ విరిగేంత పైకెత్తి, ఆ వాలునే బొమ్మగా చేసుకోండి. మధ్యస్థంగా అయిదారు డిగ్రీలు ఎత్తితే మాత్రం చూసేవారికి పొరపాటుగానే కనిపిస్తుంది.

ముఖాలను మూలల్లో పెట్టకండి. అక్కడ తలలు మూల వైపు సాగిపోతాయి. గుండ్రటి వస్తువును చదునైన సెన్సార్ మీద పరచడం వల్ల వచ్చే సాగుదల అది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా తప్పదు. గుంపును తీసేటప్పుడు చివరివాళ్లకు అవతల చోటు వదిలి, రెండడుగులు వెనక్కి వేయడం ఒక్కటే మార్గం. చేతులు, సైకిలు చక్రాలు, గోడలు సాగితే పర్వాలేదు. ముఖం సాగితే ఆ మనిషి మీతో మళ్లీ మాట్లాడరు.

ఫోకస్ గురించి మీరు అడగలేదు గానీ, జనంలో తిరిగేటప్పుడు ఇది చాలా అక్కరకు వస్తుంది. 28 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర ఉంచి ఫోకస్‌ను రెండు మీటర్లకు కట్టేస్తే సుమారు 1.25 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అంతా చాలినంత స్పష్టంగా వస్తుంది. ఇక వెతుక్కోవడం ఉండదు, ఎత్తి నొక్కడమే. ఏపీఎస్-సీ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్నవారు 18 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/5.6 దగ్గర ఉంచితే దాదాపు ఇదే ఫలితం. ఒక చిక్కు ఉంది. ఇప్పటి చిన్న లెన్స్‌లలో చాలావాటి మీద దూరం గీతలు ఉండవు. ఫోకస్ రింగు మోటారుకు సంకేతం పంపుతుందే తప్ప అద్దాన్ని నేరుగా తిప్పదు. కెమెరా ఆపి వెలిగిస్తే కట్టిపెట్టిన దూరం పోయే కెమెరాలూ ఉన్నాయి. ఫోకస్ స్థానాన్ని గుర్తుంచుకునే ఎంపిక మీ కెమెరా మెనూలో ఉందేమో చూడండి. లేకపోతే రెండు మీటర్ల దూరంలోని దేన్నైనా ఆటో ఫోకస్‌తో పట్టుకుని, తర్వాత మాన్యువల్‌కు మార్చేయండి.

షట్టర్ స్పీడ్ విషయంలో వైడ్ లెన్స్ ఆశ పెడుతుంది. చేతి వణుకు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి 1/30 సెకను చాలనిపిస్తుంది. గోడలకు చాలు. రెండు మీటర్ల దూరంలో నడిచే మనిషికి 1/250 కావాలి, ఫ్రేముకు అడ్డంగా నడుస్తుంటే 1/500. ఆటో ఐఎస్‌ఓ పెట్టి, కనీస షట్టర్ స్పీడ్‌ను 1/250కి కట్టేయండి.

రాత్రి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఎఫ్/2.8 చీకట్లో గొప్ప అపెర్చర్ కాదు. ఎఫ్/1.8 లెన్స్‌తో ఐఎస్‌ఓ 1250 సరిపోయే చోట దీనికి 3200 కావాలి. చిన్న లెన్స్‌కు మీరు చెల్లించే మూల్యం ఇదే. దీపాల బోర్డులు, దుకాణాల అద్దాలు ఉన్న వీధుల్లో ఇది ఇబ్బంది పెట్టదు. వెలుగు దగ్గర నిలబడి ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు (అంటే కాంతిని సగానికి) తగ్గించి తీస్తే బోర్డుల రంగులు తెల్లబడకుండా నిలుస్తాయి. దీపాలు లేని సందుల్లోకి మాత్రం నేను దీన్ని పట్టుకెళ్లను.

పగలు దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. వైడ్ ఫ్రేములోకి ఆకాశం ఎక్కువగా రావడంతో కెమెరా దాన్ని చూసి వీధిని చీకటి చేస్తుంది. ముఖాలు ముఖ్యమైతే అర మెట్టు నుంచి ఒక మెట్టు వరకు పెంచండి, లేదా ఆకాశాన్నే ఫ్రేములోంచి తప్పించండి. నేను ఎక్కువగా రెండోదే చేస్తాను.

35 మి.మీ. తీసుకోవాలా అన్నదానికి వస్తాను. మూల నుంచి మూలకు చూపు 28 మి.మీ.కు సుమారు 75 డిగ్రీలు, 35కు 63, 50కి 47. మీ పాత ఫొటోల వివరాలు తీసి ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువ వాడారో లెక్కపెట్టమని సలహా ఇస్తుంటారు. జూమ్ లెన్స్‌తో తీసిన ఫొటోలైతే ఆ లెక్కను నమ్మకండి. జూమ్ ఆ చివరికో ఈ చివరికో తిరిగి ఆగుతుంది కాబట్టి, 24–70 మి.మీ. జూమ్ అయితే 24, 70 అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి. అది మీ అభిరుచిని చెప్పదు. దానికంటే ఇలా చేయండి. నగరమంతా తిరగడం మానేసి, జనం వచ్చిపోయే చోటు ఒకటి, బస్ స్టాపో, మార్కెట్ మలుపో ఎంచుకుని అక్కడే గంటసేపు ఉండండి. ఒకే విషయాన్ని నాలుగు మీటర్ల నుంచి, రెండు మీటర్ల నుంచి, మీటరు నుంచి తీయండి. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి చూడండి. మీటరువి, రెండు మీటర్లవి మిమ్మల్ని పట్టి నిలిపితే 28 ఉంచుకోండి. నాలుగు మీటర్లవే మళ్లీ మళ్లీ కత్తిరించి దగ్గరికి తెచ్చుకోవాలనిపిస్తే 35 మీదే.

కత్తిరించే మాట వచ్చింది కాబట్టి, 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 28 మి.మీ. ఫొటోను 35 మి.మీ. చూపుకు కత్తిరిస్తే ఇంకా 15 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ప్రింటుకు కూడా అది చాలు. 50 మి.మీ. చూపుకు కత్తిరిస్తే ఏడున్నరే మిగులుతాయి, అది ఫోను తెరకు చాలు. అందువల్ల 28 ఉన్నవారికి 35 అత్యవసరం కాదు. 35 ఉన్నవారికి మాత్రం 28 కత్తిరింపుతో రాదు.

హుడ్డు కొనండి, చిన్నదైనా సరే. ఎండను ఆపడం కంటే ముందు అద్దానికి దెబ్బ తగలకుండా ఉండటానికి పనికొస్తుంది. పోలరైజింగ్ ఫిల్టర్ (ఒక దిశలో కంపించే కాంతినే లోపలికి పంపేది) మాత్రం వద్దు. ఆకాశపు కాంతి సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే ఎక్కువగా ధ్రువీకృతమై (ఒకే దిశలో కంపిస్తూ) ఉంటుంది. ఇంత వెడల్పాటి ఫ్రేములో ఆకాశం ఒక చోట ముదురు నీలంగా, పక్కనే పాలిపోయి పట్టీలుగా వస్తుంది. ఆ డబ్బు పెట్టి అదనపు బ్యాటరీ కొనుక్కోండి.